మక్కికి మక్కి వాయించడమే పియానోనా?

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి తెలుగు సంగీతప్రియుల్లో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఆ సంగీతంలో అంతా కాగితం మీదే ఉంటుందట. స్వరకర్త రాసిపెట్టాడు, పియానో ముందు కూర్చున్నవాడు చూసి వాయిస్తాడు, అంతే. మనోధర్మం, సంప్రదాయం, గురుముఖతః నేర్చుకోవడం మన సంగీతానికే చెల్లాయట. సభల్లో మాట్లాడే వక్తలూ, పిల్లల్ని కీబోర్డు తరగతులకు పంపే తల్లిదండ్రులూ, వరంగల్‌లోనైనా విజయవాడలోనైనా, ఇదే మాట అంటారు. దీనికి జంటగా మరో మాట కూడా వినిపిస్తుంది: మన సంగీతం కాగితానికి లొంగదు. మొదటి మాట పియానో వాద్యకారుణ్ణి టైపిస్టుగా మార్చేస్తుంది. రెండోది తెలుగు లిపిలోనే అచ్చయిన ఒక మహాగ్రంథం అసలు లేనట్టు నటిస్తుంది. పరీక్షకు పెడితే రెండూ నిలవవు.

ఈ అభిప్రాయానికి ఆధారమే లేదనడం మాత్రం అన్యాయం. స్టాఫ్ నొటేషన్ స్థాయినీ కాలాన్నీ విడదీసి చూపే తీరు అసాధారణమైనది. ఒకరి ముఖం ఒకరు ఎరగని వందమంది వాద్యకారులు ఒకే గదిలో చేరి, ఎన్నడూ వినని సింఫనీని మొదటిసారే చివరిదాకా వాయించగలరు. ఏ స్వరం, ఏ స్థాయిలో, ఎంతసేపు, గట్టిగానా మెత్తగానా, విడిగానా కలిపా అన్న ప్రశ్నలన్నిటికీ అందులో గుర్తులున్నాయి. దాని పక్కన మన పాఠ్యపుస్తకాల్లోని సరిగమల స్వరలిపి అస్థిపంజరంలా కనిపిస్తుంది. కాబట్టి అక్కడ అంతా రాసే ఉంటుందన్న భావన పుట్టడంలో వింత లేదు. గుర్తులు ఎక్కువ ఉన్నంత మాత్రాన అర్థం స్థిరపడుతుందని అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది.

1. స్వరమే సందిగ్ధమైన చోట

నొటేషన్‌లో అతి గట్టి భాగం స్వరస్థానం. మిగతావి ఎలా ఉన్నా ఏ మెట్టు నొక్కాలన్నది మాత్రం ఖాయమని అందరూ ఒప్పుకుంటారు. పరీక్ష అక్కడి నుంచే మొదలుకావాలి.

షోపాన్ 1839లో అచ్చువేసిన 24 ప్రిలూడ్‌లలో ఇరవయ్యోది సి మైనర్‌లో ఉంది. మొత్తం పదమూడే బార్లు, పియానో నేర్చుకోవడం మొదలుపెట్టిన కొన్నేళ్లకే పిల్లలు వాయించేసే రచన. సి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే, మూడో బారు చివరి కార్డ్‌లో పై స్వరం గాంధారం. అది సాధారణ గాంధారమా, అంతర గాంధారమా? తొలి ముద్రణల్లో అక్కడ ఫ్లాట్ గుర్తు లేదు. నియమం ప్రకారం చదివితే అంతర గాంధారమే పలకాలి. షోపాన్ శిష్యురాలు జేన్ స్టిర్లింగ్ వాడిన ప్రతిలో మాత్రం పెన్సిలుతో ఫ్లాట్ చేర్చి ఉంది. అచ్చును నమ్మాలా, పాఠం చెప్పేటప్పుడు పడిన పెన్సిలు గీతను నమ్మాలా? గాంధారం మారితే రాగమే మారిపోయే సంగీతంలో పెరిగిన శ్రోతకు ఇది చిన్న విషయమని చెప్పనక్కర్లేదు.

బీథోవెన్ 1819లో ప్రచురించిన హామర్‌క్లావియర్ సొనాటాలో చిక్కు ఇంకా లోతుగా ఉంది. రచన బి ఫ్లాట్‌లో నడుస్తుంది. మొదటి భాగంలో తొలి ఇతివృత్తం తిరిగి రావడానికి కాస్త ముందు, అక్కడ అమల్లో ఉన్న షార్ప్ గుర్తుల వల్ల ఎ స్వరాన్ని ఎ షార్ప్‌గా చదవాలి. బీథోవెన్ అక్కడ నేచురల్ గుర్తు పెట్టడం మరిచిపోయాడని ఒక పక్షం వాదిస్తుంది. ఎ నేచురల్ అయితే అది బి ఫ్లాట్‌కు, షడ్జానికి కాకలి నిషాదంలా, దారి చూపుతుంది. అప్పటి వాడుకలో సహజంగా వినిపించే నడక అదే. ఎ షార్ప్ అయితే పియానో మీద అదే బి ఫ్లాట్ మెట్టు. చేరాల్సిన ఇంటిని వేరే పేరుతో ముందే మోగించినట్టవుతుంది. బీథోవెన్ అంతటివాడు అంత విచిత్రమైన పని కావాలనే చేశాడని రెండో పక్షం అంటుంది. తేల్చగల చేతిరాత ప్రతి మిగల్లేదు. రెండు పక్షాల్లోనూ మహా వాద్యకారులున్నారు. ఇక్కడ ‘రాసింది రాసినట్టు వాయించు’ అన్న సలహా తటస్థమైన సలహా కాదు. అది గుట్టుగా రెండో పక్షంలో చేరిపోవడమే.

2. ఒక గుర్తు, రెండు అర్థాలు

స్వరస్థానం నుంచి పలుకుబడికి వస్తే నేల ఇంకా మెత్తబడుతుంది. మొజార్ట్ స్వరాల మీద కొన్నిచోట్ల చుక్క పెట్టాడు, కొన్నిచోట్ల చిన్న గీత గీశాడు. ఈ రెంటికీ వేర్వేరు అర్థాలున్నాయా, లేక కలం జోరులో చుక్కే గీతగా సాగిందా? ఇరవయ్యో శతాబ్దం మధ్యలో జర్మనీ సంగీత పరిశోధకుల సంఘం దీన్నే పోటీ ప్రశ్నగా పెట్టింది. వచ్చిన ఐదు జవాబులను 1957లో పుస్తకంగా వేశారు. ఒక చుక్క సంగతి తేల్చడానికి ఒక పుస్తకం పట్టింది. ఆ తర్వాత కూడా సంపాదకులు ఏకాభిప్రాయానికి రాలేదు.

షూబర్ట్ చేతిరాత మరో రకం ఇబ్బంది. ఒక స్వరాన్ని ఒత్తి పలకమనే గుర్తు, శబ్దాన్ని క్రమంగా తగ్గించమనే గుర్తు, రెండూ ఒకే ఆకారం: ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది. షూబర్ట్ ఒత్తు గుర్తును చాలా పొడుగ్గా గీసేవాడు. ఆయన పెద్ద సి మేజర్ సింఫనీ ఆఖరి స్వరం మీద ఉన్న గుర్తును ఒత్తుగా చదివితే రచన ఢంకా బజాయించి ముగుస్తుంది. తగ్గింపుగా చదివితే సన్నగిల్లి ఆగిపోతుంది. పియానో సొనాటాల్లో ఇలాంటి చోట్లు పేజీ పేజీకీ తగులుతాయి. పైగా ఆ నిర్ణయం వాద్యకారుడి దాకా రానే రాదు. సంపాదకుడే ఒక కొలత ఎంచుకుని అచ్చు వేయించేస్తాడు. చూసి వాయించేవాడు తాను షూబర్ట్‌ను చదువుతున్నానని అనుకుంటాడు.

కాలం విషయంలో గణితం ఉంది కదా అనుకోవచ్చు. ఒక చేతిలో తిశ్ర గతి, మరో చేతిలో చతురశ్రంలో చుక్కపెట్టిన దీర్ఘమూ దాని తోక హ్రస్వమూ వస్తే ఏం చేయాలి? కచ్చితంగా లెక్కపెడితే ఆ హ్రస్వం తిశ్రంలోని మూడో స్వరం తర్వాత పడాలి. ఆనాటి వాడుకలో చాలాచోట్ల రెంటినీ కలిపి ఒకేసారి పలికేవారు. షూబర్ట్ ‘వింటర్‌రైజ’ గీతమాలలోని ‘వాస్సర్‌ఫ్లూట్’ పియానో భాగం గురించి ఈ తగవు ఇప్పటికీ తెగలేదు. చేతిరాతలో ఆ రెండు స్వరాలూ ఒకదాని కింద ఒకటి నిటారుగా కూర్చున్నాయి. బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగంలో మాత్రం హ్రస్వం తిశ్రం తర్వాతే రావాలని ఆయన శిష్యుడు చెర్నీ చెప్పాడు. రాత ఒకే రకం, రెండు రచనల్లో రెండు న్యాయాలు. ఇది లెక్కల పుస్తకంలో దొరికే న్యాయం కాదు. ఫలానా స్వరకర్త ఫలానా కాలంలో ఎలా రాసేవాడో తెలిసినవారికే దొరుకుతుంది.

అలంకారాల సంగతి చెబితే ‘అంతా కాగితం మీదే’ అన్న మాట మరీ తేలిపోతుంది. 1720లో బాఖ్ తన తొమ్మిదేళ్ల పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం కుట్టించిన పుస్తకంలో అలంకారాల పట్టిక వేశాడు: పైన గుర్తు, కింద దాన్ని పలికే తీరు. పక్కపక్క స్వరాలు రెంటిని వేగంగా మార్చి మార్చి పలికే ట్రిల్ అనే అలంకారం పై స్వరం నుంచి మొదలవుతుందని అందులో స్పష్టంగా ఉంది. వందేళ్లు దాటాక, 1828లో, హుమ్మెల్ తన పియానో బోధనా గ్రంథంలో ట్రిల్‌ను అసలు స్వరం నుంచే మొదలుపెట్టమన్నాడు. గుర్తు మారలేదు, పలుకు తలకిందులైంది. కాలం తెలుసుకోకుండా గుర్తును మాత్రమే చదివేవాడు పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం వేస్తాడు. బాఖ్ రెండో కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ 1753లో రాసిన ప్రసిద్ధ గ్రంథంలో, మంచి గాయకులను వినే అవకాశం వదులుకోవద్దని కీబోర్డు విద్యార్థులకు బోధించాడు. విని నేర్చుకోవడం మన దగ్గరే ఉందనేవారు ఆ పుస్తకం చూడలేదు.

3. వాద్యం మారిపోయింది

గుర్తు స్పష్టంగా ఉండి, స్వరకర్త ఉద్దేశమూ స్పష్టంగా ఉన్నప్పుడైనా మక్కికి మక్కి పనికొస్తుందా? 1802లో అచ్చయిన మూన్‌లైట్ సొనాటా మొదటి భాగానికి బీథోవెన్ పెట్టిన సూచనలో సందిగ్ధం లేదు. ఆ భాగమంతా అతి సుకుమారంగా, తీగల మీది నాదనిరోధక దిమ్మెలు ఎత్తే ఉంచి వాయించాలి. అంటే నేటి భాషలో కుడి పెడల్ మొదటి నుంచి చివరిదాకా వదలకూడదు.

ఆనాటి వియన్నా పియానోలో తీగలు సన్ననివి, చట్రం చెక్కది, నాదం త్వరగా ఆరిపోయేది. ఒక కార్డ్ మీద ఇంకో కార్డ్ పొగమంచులా కమ్ముకునేది తప్ప ముంచెత్తేది కాదు. నేటి ఇనుప చట్రపు గ్రాండ్ పియానో మీద అదే పని చేస్తే నాలుగు బార్లకే నాదాలన్నీ కలగాపులగమై చెవులు గింగురుమంటాయి. ప్రతి మంద్ర స్వరం మారినప్పుడూ పెడల్ మార్చమని చెర్నీయే రాశాడు. బీథోవెన్ దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు, తన జీవితకాలంలోనే, అక్షరాన్ని సడలించాల్సి వచ్చింది. ఇక్కడ అక్షరానికి విధేయుడైనవాడు అర్థానికి ద్రోహి అవుతాడు. అర్థానికి విధేయుడైనవాడు అక్షరాన్ని అతిక్రమించక తప్పదు. హనుమకొండలో ఓ విద్యార్థి డిజిటల్ కీబోర్డు మీద ఇదే భాగం వాయిస్తే మరో లెక్క, ఎందుకంటే అక్కడ పెడల్ కింద ఉన్నది తీగలు కావు. తన చేతిలో ఉన్న యంత్రం ఎలా మోగుతుందో విని నిర్ణయించుకోవడం తప్ప ఆ విద్యార్థికి వేరే దారి లేదు.

4. అంకె అబద్ధమాడదా?

కాలప్రమాణానికి మెట్రోనోమ్ వచ్చాక సందేహాలు తీరిపోయాయని ఒక నమ్మకం. బీథోవెన్ 32 పియానో సొనాటాల్లో ఒక్క హామర్‌క్లావియర్‌కే స్వయంగా మెట్రోనోమ్ అంకెలిచ్చాడు. మొదటి భాగానికి అర స్వరం నిమిషానికి 138. ఆ వేగాన్ని అందుకోవాలని ఆర్తుర్ ష్నాబెల్ 1935 నాటి రికార్డింగులో తలపడ్డాడు. వేగం వచ్చింది, స్వరాలు చాలాచోట్ల చెదిరాయి. ఎక్కువమంది అంతకంటే బాగా తక్కువ వేగంలోనే వాయిస్తారు. బీథోవెన్ యంత్రం చెడిపోయి ఉంటుందన్నవారున్నారు, చెవిటితనం వల్ల ఊహలోని వేగం పెరిగిందన్నవారున్నారు, అంకె సరైనదే, చేతకానిది వాద్యకారులకే అన్నవారూ ఉన్నారు. ఎవరి వాదం నెగ్గినా, అంకె ఉన్నంత మాత్రాన ప్రశ్న ముగియలేదన్నది స్పష్టం. షూమన్ అయితే ఒక అడుగు ముందుకేశాడు. జి మైనర్ సొనాటా మొదటి భాగానికి ‘సాధ్యమైనంత వేగంగా’ అని రాసి, చివర్లో ‘ఇంకా వేగంగా’ అన్నాడు. దీన్ని అక్షరాలా పాటించగల మనిషి ఇంకా పుట్టలేదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం డెబ్యుసీది. 1910లో వచ్చిన ప్రిలూడ్‌ల మొదటి సంపుటిలో ‘మునిగిపోయిన ప్రార్థనాలయం’ అనే రచన ఉంది. 1913లో డెబ్యుసీ స్వయంగా దాన్ని వెల్టే కంపెనీ పియానో రోల్ మీద నమోదు చేశాడు. రంధ్రాలు పొడిచిన ఆ కాగితపు చుట్టలో, అచ్చులో ఏ సూచనా లేని కొన్ని భాగాలను ఆయన రెట్టింపు వేగంతో వాయించాడు. మూడో కాలం చూపాల్సిన చోట గీత జారిపోయిన స్వరలిపిని ఊహించుకుంటే ఇది అర్థమవుతుంది. రాసినవాడి చేతుల్లో ఒక కాలప్రమాణం, అచ్చులో మరొకటి. దశాబ్దాల పాటు అచ్చును నమ్మినవారు ఆ ప్రార్థనాలయాన్ని సగం వేగంతో లేపుతూ వచ్చారు. 1985లో వచ్చిన పరిశోధిత ముద్రణ ఈ సంగతిని లెక్కలోకి తీసుకుంది.

5. ఆ కాగితం ఎవరిది?

‘స్వరకర్త రాసింది’ అంటున్నప్పుడు ఎదురుగా ఉన్న పేజీని స్వరకర్తే రాశాడన్న ఊహ ఒకటి అడగకుండానే జొరబడుతుంది. వాదమంతటిలోకీ పెద్ద లొసుగు ఇదే.

బాఖ్ ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’లో వేగ సూచనలు అరుదు, గట్టిగా మెత్తగా అన్న గుర్తులు లేనట్టే. అవన్నీ దట్టించి 1837 ప్రాంతంలో చెర్నీ ఒక ముద్రణ తెచ్చాడు. అది ప్రపంచమంతా పాకింది. తర్వాతి సంపాదకులు ఎవరి రుచికొద్దీ వారు స్లర్‌లు, వేలి అంకెలు, పెడల్ గుర్తులు చేర్చారు. కాపీరైటు తీరిపోయినవి కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతుల్లో చాలావరకు ఈ పాత ముద్రణలే. వరంగల్ లాంటి ఊళ్లో పియానో నేర్చుకునే పిల్లకు అందేది మామూలుగా అలాంటి ప్రతి జిరాక్సే. ‘అందులో ఉన్నట్టే వాయించు’ అన్న గురువు ఆ పిల్లను బాఖ్‌కు శిష్యురాలిని చేయడం లేదు. ఎన్నడో గతించిన సంపాదకుడి అభిరుచికి దాసిని చేస్తున్నారు, అదీ ఆయన పేరు కూడా చెప్పకుండా.

షోపాన్ విషయంలో మూల ప్రతి అన్న ఊహే నిలబడదు. ఆయన రచనలు దాదాపు ఒకే సమయంలో పారిస్, లైప్‌జిగ్, లండన్‌లలో ముగ్గురు ప్రచురణకర్తల దగ్గర వేర్వేరుగా అచ్చయ్యేవి. మూడింటి మధ్యా తేడాలుంటాయి. ఆపైన శిష్యుల ప్రతుల్లో తానే కొత్త అలంకారాలు రాసిచ్చేవాడు. ఇ-ఫ్లాట్ నాక్టర్న్‌కు అలాంటి మార్పులు చాలా మిగిలాయి. తెలుగు పాఠకుడు దీన్ని చూసి ఆశ్చర్యపోనవసరం లేదు. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో త్యాగరాజ కృతులకు పాఠాంతరాలు, సంగతులు ఎలా ఏర్పడ్డాయో ఇక్కడా అలాగే ఏర్పడ్డాయి. మనకు పాఠాంతరాలున్నాయి, వాళ్లకు ఒకే పాఠం ఉందన్న గర్వం అజ్ఞానం మీద కట్టుకున్నది.

6. ‘అయితే ఎవరిష్టం వారిదే’

ఇంతదూరం వచ్చాక కొందరు గోడ మీంచి అవతలికి దూకుతారు. గుర్తులు సందిగ్ధమైనవైతే ఎలాగైనా వాయించవచ్చు కదా అంటారు. ఇది మొదటి అభిప్రాయానికి విరుగుడులా కనిపించే దాని కవల. రెండింటి వెనుకా ఉన్నది ఒకే లెక్క: అర్థం కాగితం మీదైనా పూర్తిగా ఉండాలి, లేదా ఎక్కడా ఉండకూడదు.

సందిగ్ధత అంటే అర్థం లేకపోవడం కాదు. పైన చెప్పిన ప్రతి చోటా జవాబులు రెండో మూడో ఉన్నాయి గాని ముప్పై లేవు. వాటి మధ్య ఎంచుకోవడానికి సాక్ష్యాలున్నాయి: చేతిరాత, తొలి ముద్రణలు, శిష్యుల ప్రతులు, ఆ కాలపు బోధనా గ్రంథాలు, ఆనాటి వాద్యాల స్వభావం, అదే రచనలో అలాంటి మరో చోట స్వరకర్త ఏం చేశాడన్నది. గుంటర్ హెన్లే 1948లో స్థాపించిన ప్రచురణ సంస్థ లాంటివి సంపాదకుల చేర్పులు తీసేసి మూలపాఠాన్ని అందించే పనికి పూనుకున్నది ఈ సాక్ష్యాలను అందుబాటులో ఉంచడానికే. ఆ ముద్రణలు కూడా వేదం కాదు. మొజార్ట్ ఎ మేజర్ సొనాటా చేతిరాత పుటలు కొన్ని 2014లో బుడాపెస్ట్ జాతీయ గ్రంథాలయంలో బయటపడ్డాయి. తరతరాలుగా వాయిస్తున్న అచ్చుకూ ఆ రాతకూ కొన్నిచోట్ల తేడా తేలింది. కొత్త సాక్ష్యం వస్తే తీర్పు మారాలి. సాక్ష్యం అక్కర్లేదనేవాడికి మార్చుకోవడానికి తీర్పే ఉండదు.

7. మన సంగీతం కాగితానికి లొంగదా?

మిగిలింది జంట అభిప్రాయం. దాన్ని తోసిపుచ్చడానికి ఒక్క పుస్తకం చాలు. 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో సుబ్బరామ దీక్షితులు అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. తమిళ నేల మీద, తెలుగు లిపిలో, తెలుగు భాషలో వచ్చిన ఆ గ్రంథంలో కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు లాంటి గమకాలకు విడివిడి గుర్తులున్నాయి. ఆ పనికి ఆయన్ను పురికొల్పినవారిలో చిన్నస్వామి ముదలియార్ ఒకరు. ముదలియార్ 1892-93ల్లోనే త్యాగరాజ కృతులను స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేశారు. రాయడం అసాధ్యం అన్నది అప్పటికే చెల్లని మాట. నూరేళ్లు దాటాక ఇంకా అంటుంటే ఏమనుకోవాలి?

దీక్షితుల గుర్తులు చూసి ఇవాళ పాడబోయేవారికి ఎదురయ్యే చిక్కు, బాఖ్ పట్టిక చూసి వాయించబోయేవారిదే. కంపితం గుర్తు ఒకటే, ఏ రాగంలో ఆ స్వరం ఎంత ఊగాలన్నది గుర్తు చెప్పదు. ఆ రాగం విన్న చెవి చెబుతుంది. ఒక సంగీతం రాతకు లొంగింది, మరొకటి లొంగలేదు అన్న విభజన ఇక్కడ కూలిపోతుంది. రెండూ సగం రాతలో, సగం వినికిడిలో బతుకుతున్నాయి.

వినికిడి తెగిపోతే ఏమవుతుందో ఓరుగల్లు నేల చూసింది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1253-54లో ‘నృత్త రత్నావళి’ ముగించాడు. పేరిణి నృత్యం అందులో వర్ణనగా నిలిచింది, ఆడే పాదాలు మాత్రం కాలక్రమంలో కనుమరుగయ్యాయి. నటరాజ రామకృష్ణ దాన్ని తిరిగి నిలబెట్టడానికి గ్రంథాన్ని ఒక చేత, పాలంపేట రామప్ప గుడి శిల్పాల్ని మరో చేత పట్టుకున్నారు. శిల్పం ఒక భంగిమనే చూపుతుంది, ఒక భంగిమ నుంచి మరోదానికి వెళ్లే దారి చూపదు. శ్లోకం లక్షణం చెబుతుంది, బరువు ఏ కాలి మీద ఎంతసేపో చెప్పదు. ఆ ఖాళీల్ని ఆయన నాట్యానుభవంతో పూరించారు. ఫలితం జాయప చూసిన పేరిణేనా అని వాదించవచ్చు, వాదించాలి కూడా. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు ఆడి ఉంటే సరిపోయేదని మాత్రం ఎవరూ అనరు. పియానో దగ్గరికి వచ్చేసరికి అదే మాట తడబాటు లేకుండా అంటున్నారు.

ఈ అభిప్రాయం వల్ల జరిగే నష్టం తరగతి గదిలో తేలుతుంది. ఇది సందిగ్ధంగా ఉందని చెప్పిన విద్యార్థికి ‘కాగితం చూడు’ అన్న జవాబు వస్తుంది. నిజానికి ఆ ప్రశ్న కాగితం చూడటం వల్లే పుట్టింది. తప్పుల లెక్కతోనే మార్కులు వేస్తే, అనుమానం వచ్చిన చోట ఆగి ఆలోచించినవాడికంటే అనుమానమే రానివాడు ముందుంటాడు. పియానో నేర్పేవారు కొత్త రచన మొదలుపెట్టే ముందు పాఠంలో మూడు ప్రశ్నలు చేర్చాలి: ఈ ముద్రణ ఎవరిది, ఇందులో స్వరకర్త గుర్తులేవి, సంపాదకుడు చేర్చినవేవి? వాటికి జవాబు తెలియకుండా ‘రాసింది రాసినట్టు’ వాయించమనే అధికారం ఏ గురువుకూ లేదు.